బతికుండగా చదివిన సాక్ష్యం

మమ్రే కొండ మీద జర్మన్ దొరల గుడిలో ఒక పద్ధతి ఉండేది. మనిషన్నవాడు చావకముందే తన బతుకంతా చెప్పి కాగితం మీద రాయించుకోవాలి. ఎక్కడ పుట్టాడు, ఏ పాపం చేశాడు, రక్షకుడు ఏ రోజున తలుపు తట్టాడు, అన్నీ. ఆ కాగితాన్ని దొరగారు పెట్టెలో పెట్టి తాళం వేస్తారు. మనిషి పోయి, మట్టి చేసి వచ్చాక, గుడిలో అందరిముందూ దాన్ని పైకి చదువుతారు. ఏడ్చేవాళ్ళు ఏడుస్తారు, చెవులు కొరుక్కునేవాళ్ళు కొరుక్కుంటారు, తర్వాత తీపి రొట్టె తిని, టీ తాగి ఎవరిళ్ళకు వాళ్ళు పోతారు. బతికున్న మనిషి సాక్ష్యం చదవడమనేది ఆ కొండ మీదే కాదు, జమైకా దీవిలో వాళ్ళ గుళ్ళు ఎన్ని ఉంటే అన్నింట్లోనూ లేదు.

కెతూరాకు అప్పటికి ముప్పై ఆరేళ్ళు. సాక్ష్యం రాయించుకోవలసిన వయసేమీ కాదు. కానీ ఆమె ఓడ ఎక్కబోతోంది. ఆఫ్రికాలో గోల్డ్ కోస్టుకు వెళ్ళిన తెల్లదొరలు జ్వరం తగిలి ఏడాది తిరక్కుండా పోతున్నారని, ఈసారి జమైకాలోని నల్ల క్రైస్తవ కుటుంబాలను పంపాలని మిషను పెద్దలు నిర్ణయించారు. తెల్లవాళ్ళు చచ్చేచోట నల్లవాళ్ళు చావరని వాళ్ళకెవరు చెప్పారో మరి. మమ్రే నుంచి ఎంపికైన మొదటి మనిషి బడిపంతులు ఎల్కానా, కెతూరా మొగుడు. చీటీలో అతని పేరు, కింద భార్య పేరు, దాని కింద ఆరేళ్ళ రోడా, చంటివాడు. వెళ్ళేవాళ్ళందరూ ముందే సాక్ష్యాలు రాయించి ఇవ్వాలని దొరగారు ట్రౌగట్ గుడిలోనే చెప్పేశాడు. ఎందుకని ఎవరూ అడగలేదు. అందరికీ తెలుసు.

దొరసాని బెనిగ్నా వరండాలో బల్ల వేసుకుని కూర్చుంది. కెతూరా మెట్టు మీద కూర్చుని చెప్పడం మొదలుపెట్టింది. కాఫీ తోటలో పుట్టింది, తల్లి పేరు అబ్బా, తండ్రి ఎవరో తెలియదు. అక్కడితో ఆమె బతుకు అయిపోయింది. మిగిలిందంతా కొడుకు క్వాకోయే.

"బుధవారం పుట్టాడమ్మగారూ. అందుకే క్వాకో అన్నాం. కుడికాలి చివరి రెండు వేళ్ళూ అతుక్కునుంటాయి, అది తప్పకుండా రాయండి. వాడికి ఏడేళ్ళప్పుడు తోట దొర సగం మందిని బండ్లకెక్కించి బావమరిది చెరుకు తోటకు తోలేశాడు. నేను కాఫీ కోతలో ఉన్నా. సాయంత్రం వచ్చేసరికి గుడిసెలో వాడి గిన్నె ఉంది, వాడు లేడు."

"రక్షణ పొందింది ఎప్పుడో చెప్పు కెతూరా."

"అదీ వస్తుంది. ముందు వాణ్ణి పూర్తి చెయ్యనివ్వండి. మాకు బానిసతనం నుంచి విడుదలొచ్చిన వారమే నడిచి ఆ చెరుకు తోటకు పోయాను. ఆరు రోజులు. అక్కడ లేడు, ఇంకెవరికో అమ్మేశారన్నారు. ఎవరికంటే, గుమస్తా చచ్చిపోయాడు, మాకు తెలియదన్నారు. అప్పట్నుంచీ సంతకొచ్చే ప్రతి మనిషినీ అడుగుతున్నా."

దొరసాని రాస్తూనే ఉంది. నిండా ముప్పై లేవు, రెండు కానుపులు పోగొట్టుకున్న మనిషి. చివర ఎప్పటిలాగే నాలుగు వేళ్ళ జాగా ఖాళీగా వదిలింది. అది చావు గురించి వేరే చెయ్యి రాయవలసిన జాగా. కెతూరా ఆ ఖాళీ వంకే చూస్తూ అడిగింది.

"అమ్మగారూ, దీన్ని నేను పోయాక గదా చదివేది."

"అవును."

"నేను పోయాక వాడు వింటే నాకేం లాభం? మన గుళ్ళు ఈ దీవిలో ఇంకో అయిదున్నాయి. అయిదింటికీ పంపి ఒక్కసారి చదివించండి. వాడు ఏదో ఒక గుడిలో కూర్చునే ఉంటాడు. ఆ మాత్రం నేర్పకుండానే పెంచానా వాణ్ణి?"

అలా ఎప్పుడూ చెయ్యలేదంది దొరసాని. చెయ్యలేదు గనకే అడుగుతున్నా అంది కెతూరా. రెండు రోజులు పట్టింది గానీ, చివరికి దొరసాని ఒప్పుకుంది. మొగుడికి చెప్పకుండా అయిదు నకళ్ళు తీసి, ఒక్కోదానికీ ఒక ఉత్తరం జతచేసింది. ఈ సహోదరి సజీవంగా ఉంది, కొడుకును వెతుకుతోంది, సభలో అడిగి కబురు చెయ్యండి అని. ఆ ఉత్తరాలు అక్కడి దొరలకు గనక జర్మనులో రాసింది. మూడు నెలలకోసారి గుళ్ళ మధ్య తిరిగే కాగితాల కట్టలో వాటిని పెట్టి పంపింది. మంచి మనసే. ఆ మనసుకు కాస్త లోకజ్ఞానం కూడా ఇచ్చి ఉంటే దేవుడి సొమ్మేం పోయేదో నాకు తెలియదు.

అక్టోబరు వానలు పోయాయి. ఇంట్లో సర్దుడు మొదలైంది. దొరగారు ఇచ్చిన రెండు చెక్కపెట్టెల్లో ఎల్కానా పలకలు, పుస్తకాలు, పారలు, కత్తులు సర్దాడు. అక్కడ నాటుకోవడానికి కెతూరా మామిడి టెంకలు ఆరబెట్టింది, పెండలం తలకాయలు ఇసకలో పెట్టింది. చూడ్డానికి వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ తగ్గలేదు. సమాధుల దొడ్డి ఊడ్చే మింబా అత్త రోజూ వచ్చి పెట్టె మీదే కూర్చునేది.

"మా అమ్మను ఓడలో తెచ్చారు, నిన్ను ఓడలో తీసుకుపోతున్నారు. ఏమాటకామాటే, ఈసారి గొలుసులు లేవులే."

"లే అత్తా, పెట్టె విరుగుతుంది."

"విరిగితే మంచిదే. ఉండిపోతావు."

సాక్ష్యం విన్న గుళ్ళ నుంచి ఒక్కొక్కటే జవాబు రాసాగింది. మొదటి గుడిలో అటువంటి కుర్రవాడు లేడు. రెండోదాంట్లో క్వాకోలు ముగ్గురున్నారు గానీ ఒకడికి అరవై ఏళ్ళు, ఇద్దరికి కాళ్ళు శుభ్రంగా ఉన్నాయి. మూడు, నాలుగు, అదే మాట. పడమటి కొసన సముద్రం పక్కనున్న తిర్సా గుడి నుంచి మాత్రం ఏమీ రాలేదు. క్రిస్మస్ వచ్చింది, వెళ్ళింది. ఫిబ్రవరి మొదట్లో కింగ్‌స్టన్ రేవులో ఓడ సిద్ధంగా ఉంటుందని కబురొచ్చింది.

ఒకరోజు మధ్యాహ్నం అంబలి తాగుతూ కెతూరా మొగుడితో తేల్చి చెప్పింది.

"వాడి కబురు తెలియకుండా నేను ఓడ ఎక్కను ఎల్కానా."

అతను గిన్నె కింద పెట్టాడు. మాట ఇచ్చేటప్పుడు నిదానం, తప్పడం బొత్తిగా రాని మనిషి.

"నేను మాట ఇచ్చేశానే."

"నువ్విచ్చావు. నువ్వు ఎక్కు."

"పిల్లల పేర్లు నా కింద రాసున్నాయి."

"బెదిరిస్తున్నావా?"

"లేదు. ఉన్నది చెప్తున్నా. నాతో పెళ్ళికి ముందు పుట్టినవాడైనా, క్వాకో కనబడుంటే మొదటి పేరు వాడిదే రాయించేవాణ్ణి. ఆ సంగతి నీకు తెలుసు."

కెతూరాకు తెలుసు. అందుకే ఇంకా కోపం వచ్చింది. మంచివాడితో పోట్లాడ్డం కన్నా కష్టం లేదు. గిన్నెలు గడగడలాడించుకుంటూ కడిగింది.

బండి కట్టడానికి ఒక్కరోజు ఉందనగా, పొద్దున పదిగంటలవేళ, ఒక ముసలాయన కంచరగాడిదను తోలుకుంటూ కొండెక్కి వచ్చాడు. పేరు జకరీ. పడమటి రేవు నుంచి ఉప్పుచేపలు వేసుకుని ఊరూరూ తిరిగేవాడు. గాడిద మీద చేపల బుట్టతోపాటు గోనెగుడ్డలో చుట్టిన పొడుగాటి చెక్క ఒకటి ఉంది. గుడి ముందు నీళ్ళ తొట్టి దగ్గర కెతూరా బట్టలు పిండుతుంటే ఆమెనే అడిగాడు.

"అమ్మాయ్, కెతూరా సమాధి ఏ వరసలో ఉందో కాస్త చూపించు."

"ఏ కెతూరా?"

"క్వాకో వాళ్ళమ్మ. ఈ మధ్యనే పోయిందట గదా, పాపం."

ఆమె చేతిలో తడిబట్ట అలాగే ఉంది.

"నేనే క్వాకో వాళ్ళమ్మను."

జకరీ రెండడుగులు వెనక్కి వేసి జేబులోంచి చిటికెడు ఉప్పు తీశాడు. దయ్యాలకు ఉప్పంటే పడదు. కెతూరా ముందుకొచ్చి తడిచేత్తో అతని మణికట్టు పట్టుకుంది.

"దయ్యం చెయ్యి ఇంత వేడిగా ఉంటుందా? కూచో. వాడెక్కడున్నాడు? ముందు అది చెప్పు."

ముసలాయన తొట్టి గట్టు మీద కూలబడ్డాడు. అప్పటికి మింబా అత్త చీపురుతో వచ్చింది, బడిలోంచి ఎల్కానా వచ్చాడు, వరండాలోంచి దొరసాని దిగింది. అందరిముందూ చెప్పుకొచ్చాడు. తిర్సా గుడి పక్కన చెరుకు తోటలో క్వాకో వడ్రంగిపని చేసేవాడు. విడుదల వచ్చాక ఆ తోటలో వాళ్ళంతా తలోదిక్కూ పోయారు. వీడు మాత్రం ఆ పాడు గుడిసె వదల్లేదు.

"నేను నవ్వేవాణ్ణమ్మా. ఒరేయ్, దొర పోయాడు, ఎలకలు కూడా పోయాయి, నీకింకా ఏం పనిరా ఇక్కడ అని. మా అమ్మ వెతుక్కుంటూ వస్తే నన్నమ్మిన చోటికే గదా వస్తుంది, నేను కదిలితే ఎలా అనేవాడు. అయిదేళ్ళూ అదే మాట."

"తర్వాత?"

"నవంబరులో ఒక ఆదివారం గుడిలో సాక్ష్యం చదివారు. నేనూ ఉన్నా. అక్కడి దొరగారు జ్వరంతో మంచం దిగడంలేదు, బిల్లీ మేష్టరు చదివాడు. కాలి వేళ్ళ దగ్గరికొచ్చేసరికి మావాడు లేచి నిలబడిపోయాడు. కుడికాలు ఇలా పైకెత్తి చూసుకుంటూ నిలబడ్డాడు. మేష్టరు చదువుతూనే ఉన్నాడు. చివర, రక్షకుడి ఒళ్ళో ప్రశాంతంగా నిద్రించింది అన్నాడు. అందరం లేచి చావుపాట పాడాం."

"ఆ మాట నేను చెప్పలేదు," అంది కెతూరా.

"నేను రాయలేదు," అంది దొరసాని. "అక్కడ ఖాళీ వదిలాను. సజీవంగా ఉందని ఉత్తరం కూడా పెట్టాను."

"ఉత్తరమా? అది మీ భాషలో ఉందని మేష్టరు విప్పి మళ్ళీ మడిచి దొరగారి మంచం కింద పెట్టాడమ్మగారూ. ఆ దొరగారు లేవనూ లేదు, చదవనూ లేదు, డిసెంబరులో పోయాడు. ఇక ఖాళీ అంటారా, ఇరవయ్యేళ్ళుగా సాక్ష్యాలు చదువుతున్న నోరది. ప్రతిదానికీ చివర ఆ మాటే ఉంటుంది. కాగితం మీద లేకపోతే నోట్లో ఉంటుంది."

కెతూరా దొరసాని వైపు చూడలేదు. తనవైపే చూసుకుంది. బతికున్నవాళ్ళది చదవరని తెలుసు. తెలిసే అడిగింది. అయిదు గుళ్ళ జనానికీ ఆ పద్ధతే తెలుసుననీ, తన పేరు చెవినబడగానే పోయిందనే అనుకుంటారనీ తనకు ఒక్కసారైనా తట్టలేదు. కొడుకు దొరకాలన్న ఆత్రంలో కొడుకు చెవిన తన చావు తానే వేయించుకుంది.

"ఇప్పుడు వాడెక్కడున్నాడు మామా?" ఎల్కానా అడిగాడు.

"ఇక నాకిక్కడ ఎవరున్నారన్నాడు. క్రిస్మస్ అయిన వారానికి సముద్రం అవతల బెలీజు పోయే పడవెక్కాడు. అడవిలో మహోగని చెట్లు కొట్టే పనికి. ఎక్కేముందు నాకిది ఇచ్చాడు, కొండ మీద మా అమ్మ తల దగ్గర పాతిపెట్టమని. ఎప్పుడైనా తిరిగొస్తే వచ్చి చూసుకుంటానన్నాడు."

గోనెగుడ్డ విప్పారు. దేవదారు చెక్క, నున్నగా చిత్రిక పట్టి ఉంది. అక్షరాలు లోతుగా, తిన్నగా చెక్కి ఉన్నాయి. గుడి బడిలో కూడబలుక్కుని చదవడం నేర్చుకున్న కెతూరా వేలు పెట్టి ఒక్కొక్కటే చదివింది. కెతూరా. క్వాకో తల్లి. నన్ను వెతికింది.

అంతే ఉంది. ఆమె ఆ చెక్కను ఒళ్ళో పెట్టుకుని, చంటిపిల్లవాడి వీపు నిమిరినట్టు నిమురుతూ కూర్చుంది. వాడి చేతిపని ఎంత బాగుందో అనుకుంది. ముందు అదే తోచింది. తర్వాతే ఏడుపు వచ్చింది. వచ్చాక ఎవరూ ఆపలేకపోయారు. దొరసాని దగ్గరకు రాబోతే మింబా అత్త చీపురు అడ్డం పెట్టింది.

"మీరు చేసింది చాలుగానీ, లోపలికి పోండమ్మగారూ."

మధ్యాహ్నం దాటాక ఎల్కానా వచ్చి పక్కన కూర్చున్నాడు.

"నువ్వు ఉండిపో కెతూరా. నీ పేరు కొట్టేయమని నేను చెప్తాను. వాడొస్తానన్నాడు గదా."

"ఎప్పుడొస్తాడు?"

"నాకెలా తెలుస్తుంది?"

"రోడా, చంటాడు?"

అతను నేల చూశాడు. "చంటాడు పాలు మానేదాకా ఉంచుకో. తర్వాత..."

"తర్వాత ఎవరో ఒకరు బండెక్కించి పంపిస్తారు. సాయంత్రం నేను వచ్చేసరికి గిన్నె ఉంటుంది."

కెతూరా మనసులో లెక్క వేసుకుంది, ఆ లెక్క ఎటు వేసినా తెగలేదు. ఉంటే ఆఫ్రికాలో ఇద్దరు పిల్లలు క్వాకోలా దారి చూస్తూ పెరుగుతారు. పోతే క్వాకో వచ్చి ఖాళీ మట్టికి మొక్కి పోతాడు. ఒకేచోట కూర్చుని ఎదురుచూస్తే మనిషి దొరుకుతుందని నమ్మి వాడు అయిదేళ్ళు కూర్చున్నాడు. తనూ ఇప్పుడు ఆ పనే చెయ్యాలా? వాడికి ఒకసారి దూరమైంది తోట దొర వల్ల. వీళ్ళకు దూరమైతే అది తన చేతుల మీదుగానే అవుతుంది.

"బొగ్గు తీసుకురా," అంది. "ఉలి కూడా."

చెక్క వెనక్కి తిప్పింది. తను చెప్పిన మాటలను ఎల్కానా బొగ్గుతో గీశాడు, అక్షరాలు మాత్రం ఆమే చెక్కింది. వాడి చేతిపని ముందు అవి కోడి కెలికినట్టున్నాయి. ఇక్కడ లేను. బతికే ఉన్నాను. ఆఫ్రికాకు, గోల్డ్ కోస్టుకు పోయాను. అమ్మ.

పొద్దు వాలకముందే చెక్కను చంకన పెట్టుకుని సమాధుల దొడ్డికి బయల్దేరింది. దాన్ని వాళ్ళు దేవుని పొలం అంటారు. మగవాళ్ళు ఒకవైపు, ఆడవాళ్ళు ఒకవైపు, పోయిన వరసనే పక్కపక్కన పడుకోబెడతారు. ఆడవాళ్ళ వరసలో తర్వాతి ఖాళీ చోటు దగ్గర గుంట తవ్వుతుంటే దొరగారు ట్రౌగట్ పరుగులాంటి నడకతో వచ్చాడు. భార్య చేసిన పని అతనికి అప్పుడే తెలిసింది. మొహం కందగడ్డలా ఉంది.

"కెతూరా, జరిగినదానికి నేను సిగ్గుపడుతున్నాను. కానీ ఇది కూడదు. ఇది పునరుత్థానం కోసం విత్తిన పొలం. బతికున్న మనిషికి ఇక్కడ గుర్తు పాతితే అది దేవుడి ముందు అబద్ధమవుతుంది."

కెతూరా గుంట తవ్వడం ఆపలేదు.

"గుడిలో నన్ను చంపింది మీవాళ్ళే అయ్యగారూ. చంపినవాళ్ళే చోటియ్యాలి."

"అది పొరపాటు."

"కాదన్నానా. ఆ పొరపాటు నమ్ముకుని నా కొడుకు ఒకరోజు ఈ కొండెక్కి వస్తాడు. సరాసరి ఇక్కడికే వస్తాడు. మీ ఇంటికి రాడు, బడికి రాడు. వాడికి చెప్పాల్సిన మాట నేను ఇంకెక్కడ పెట్టను, మీరే చెప్పండి."

దొరగారు చెడ్డమనిషి కాదు. టోపీ తీసి చేత్తో పట్టుకుని అక్కడే నిలబడ్డాడు. ఆమె పాతి, కాలితో మట్టి తొక్కేదాకా నిలబడి, వెళ్ళిపోయాడు.

మింబా అత్త మాత్రం వెళ్ళలేదు.

"ఆ చోటు తర్వాత పోయేదానిదే. వయసు చూస్తే నాదే. నేను పోతే దీన్ని పీకేస్తారు."

"పీకితే గోడకు ఆనించమని చెప్పత్తా. వెనకవైపు బయటికి కనబడేట్టు."

"చెప్పడం దేనికి, వాడొచ్చేదాకా నేనే చావకుండా ఉంటాను, పో." అని ముక్కు చీదుకుంది. డెబ్భై రెండేళ్ళు ఆమెకు.

మర్నాడు పొద్దున్నే బండి కట్టారు. గుడి ముందు అందరూ పాట పాడారు. దొరసాని రాలేదు, కిటికీ దగ్గర తెర కదిలింది. బెలీజు పోయే పడవవాళ్ళు ఎవరు కనబడినా చెప్తానని జకరీ ఒట్టేశాడు. అడవిలో ఎక్కడో చెట్లు కొట్టేవాడికి ఆ కబురు ఎలా చేరుతుందో అతనికీ తెలియదు, కెతూరాకూ తెలియదు. అయినా అతని చెయ్యి పట్టుకుని రెండుసార్లు చెప్పించుకుంది. కుడికాలు, చివరి రెండు వేళ్ళు.

బండి దేవుని పొలం పక్కనుంచే దిగాలి. రాళ్ళగోడ మీదుగా వరసలన్నీ కనబడుతున్నాయి. పాత చెక్కలన్నీ నల్లబడి ఉంటే అదొక్కటే ఎర్రగా, కొత్తగా ఉంది. రోడా తల్లి ఒళ్ళోంచి మెడ సాచి చూసింది.

"అమ్మా, ఆ కొత్తది ఎవరిది?"

"నాది."

"నువ్వు చచ్చిపోయావా?"

ఎల్కానా పగ్గాలు పట్టుకుని ముందుకే చూస్తున్నాడు. కెతూరా చంటివాణ్ణి ఒక భుజం మీంచి ఇంకో భుజం మీదికి మార్చుకుంది.

"మీ అన్నకి చచ్చిపోయాను," అంది. "నీక్కాదు. సరిగ్గా కూచో, పడతావు."

సున్నపుబట్టీ దగ్గర దారి మలుపు తిరిగింది. ఆ తర్వాత కొండ కనబడలేదు.